38 ఏళ్ల వయసులో నర్సింగ్ పీహెచ్‌డీ మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మాది హిందూపురం దగ్గర ఒక పల్లె. ఇరవై ఏళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాను. బీఎస్సీ నర్సింగ్ ఇక్కడే చదివి, ఒక పెద్దాసుపత్రి న్యూరో వార్డులో ఆరేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. తర్వాత ఎమ్మెస్సీ పూర్తి చేసి, ఇప్పుడు ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. వయసు 38. పాప నాలుగో తరగతి. మా ప్రిన్సిపాల్ "పీహెచ్‌డీ లేకపోతే ఇక్కడితో ఆగిపోతావు" అంటున్నారు. మావారేమో "అయిదారేళ్లు కష్టపడితే జీతం ఎంత పెరుగుతుంది?" అని అడుగుతున్నారు. నాతో చదివిన అమ్మాయి అమెరికాలో డీఎన్‌పీ (డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్) చేస్తోంది, అదే మేలంటుంది. ఈమధ్య ఒకాయన ఫోన్ చేసి, రిజిస్ట్రేషన్ నుంచి థీసిస్ దాకా అన్నీ తామే చూసుకుంటామని, డబ్బు వాయిదాల్లో కట్టొచ్చని చెప్పాడు. నిజం చెప్పాలంటే వార్డు వదిలి వచ్చినందుకు నాకు ఇంకా బాధగానే ఉంది. మా వైపు పేషెంట్లు స్ట్రోక్ వచ్చి, ఆహారం పోసే ముక్కు గొట్టంతో డిశ్చార్జ్ అయి వెళ్లి, రెండు వారాలకే న్యుమోనియాతో తిరిగొచ్చేవాళ్లు. ఇప్పుడు అవన్నీ నాకు సంబంధం లేని విషయాలైపోయాయి. నర్సింగ్ పీహెచ్‌డీకి ముందు ముందు విలువ ఉంటుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి పీహెచ్‌డీ సంగతే కనబడింది. రెండోసారి చదువుతుంటే, చివర్లో మీరు మాటవరసకు రాసినట్టున్న ఆ ముక్కు గొట్టం దగ్గర ఆగిపోయాను. దాని గురించి చాలా చెప్పాలి. మిగతావి కొన్ని ముందు తేల్చేస్తాను.

ఆ ఫోన్ చేసినాయన నంబర్‌ను ఇవాళే బ్లాక్ చేయండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ పీహెచ్‌డీ లేదు. కోర్స్‌వర్క్‌కు మీరే కూర్చోవాలి, వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, మీరే నిలబడాలి. 2018లో వచ్చిన కాపీ నిరోధక నిబంధనల్లో 10 శాతం దాకా పోలికను వదిలేస్తారు, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. డబ్బు తీసుకుని రాసిచ్చేవాళ్లు ఒకే సరుకును ఎంతమందికి అమ్ముతున్నారో మీకు తెలిసే దారి లేదు. ఈ భయాలన్నీ పక్కన పెట్టినా, థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలోకి ఎక్కుతుంది, ఎవరైనా తెరిచి చదవొచ్చు. పదేళ్ల తర్వాత మీ దగ్గర చదువుకునే పిల్ల దాన్ని తెరిచి, "మేడమ్, ఈ టేబుల్‌లో ఈ అంకె ఎలా వచ్చింది?" అని అడుగుతుంది. అప్పుడు మీ దగ్గర జవాబు ఉండాలి.

విలువ ఉంటుందా అని అడిగారు. ఉద్యోగం వరకు చూస్తే ఉంటుంది, పెరుగుతుంది కూడా. ఢిల్లీలోని రాజకుమారి అమృత్ కౌర్ కాలేజీలో నర్సింగ్ డిగ్రీ 1946లో మొదలైంది. ఎమ్మెస్సీ స్థాయి చదువు 1959లో వచ్చింది. పీహెచ్‌డీ వచ్చేసరికి 1992 అయింది. డిగ్రీకీ డాక్టరేట్‌కీ మధ్య 46 ఏళ్లు పట్టింది మన దేశంలో. ఆ తర్వాత ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బెంగళూరు జయనగర్‌లోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కలిసి నర్సింగ్ పీహెచ్‌డీ కోసం జాతీయ కన్సార్షియం పెట్టాయి. అంటే ఈ చదువు దేశమంతటికీ విస్తరించడంలో మీరుంటున్న ఊరికి పెద్ద పాత్రే ఉంది. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. అదే ఏడాది కేంద్ర బడ్జెట్‌లో మెడికల్ కాలేజీల పక్కనే 157 కొత్త నర్సింగ్ కాలేజీలు పెడతామన్నారు. భవనాలు కట్టగలరు. వాటిలో పాఠాలు చెప్పడానికి చదువుకున్న మనుషులు కావాలి. కాబట్టి మీ ప్రిన్సిపాల్ చెప్పింది నిజమే.

మీవారి ప్రశ్నను మాత్రం తీసిపారేయకండి. ఇల్లు నడిపే మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. చాలా ప్రైవేటు కాలేజీలకు తనిఖీలప్పుడు చూపించుకోవడానికి పీహెచ్‌డీ ఉన్నవాళ్ల పేర్లు కావాలి. జీతం దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. అందుకని చేరకముందే మేనేజ్‌మెంట్‌తో కూర్చుని మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: చదువుకు వారంలో ఎన్ని రోజులు వదులుతారు, పార్ట్‌టైమ్ రిజిస్ట్రేషన్‌కు నో అబ్జెక్షన్ ఇస్తారా, పూర్తయ్యాక హోదా, జీతం ఎంత. నోటిమాట నమ్మి ఆరేళ్ల తర్వాత ఏడ్చినవాళ్లను చూశాను.

ఇక నన్ను అసలు బాధపెట్టే విషయం చెబుతాను.

ఏ నర్సింగ్ కాలేజీ లైబ్రరీకైనా వెళ్లి నల్ల అట్టల మీద బంగారు అక్షరాలు చదవండి. "ఫలానా విషయంపై ఫలానావారి అవగాహన మీద స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం" అన్న పేరు ఎన్నిసార్లు కనబడుతుందో మీకు తెలుసు. మీ ఎమ్మెస్సీ డిసర్టేషన్ కూడా అదే అయి ఉండొచ్చు. అరవై మంది, కన్వీనియెన్స్ శాంప్లింగ్ (చేతికి అందినవాళ్లనే తీసుకోవడం), ప్రీటెస్ట్, ఒక పాఠం, ఏడో రోజున పోస్ట్‌టెస్ట్. మార్కులు పెరిగాయి, పీ విలువ 0.05 కన్నా తక్కువ (అంటే మార్పు కాకతాళీయం కాదని లెక్క), పరికల్పన నిలిచింది. పాఠం చెప్పి వారంలోపు అదే పాఠంలో పరీక్ష పెడితే మార్కులు పెరుగుతాయి. అందులో కొత్తగా తెలిసేది చాలా తక్కువ. ఆ మార్కుల వల్ల మంచం మీదున్న మనిషికి మేలు జరిగిందా లేదా అన్నది ఎవరూ చూడరు. ఎమ్మెస్సీలో, ఏడాదిన్నర గడువులో, పరిశోధన అంటే ఏమిటో నేర్చుకోవడానికి అది సరిపోతుంది. అదే పనిని శాంపిల్ పెంచి పీహెచ్‌డీగా మార్చడం దగ్గరే నాకు అభ్యంతరం.

నాది కూడా అలాంటి థీసిసే. మధుమేహం ఉన్నవాళ్లకు పాదాల సంరక్షణ గురించి నేర్పాను. వాళ్ల మార్కులు పెరిగాయి. వాళ్లలో ఎవరి కాలికి పుండు పడింది, ఎవరి వేలు తీసేయాల్సి వచ్చింది అన్నది నేను చూడలేదు. చూడమని నా గైడ్ అనలేదు, మా కాలేజీ అడగలేదు, నాకూ తోచలేదు. డాక్టరేట్ వచ్చిన ఏడాదికి, నేను డేటా తీసుకున్న వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్ లిఫ్ట్ దగ్గర కలిసింది. "మేడమ్, చివరికి మా వార్డులో ఏం తేలింది?" అని అడిగింది. నాలుగు నెలలు నాకోసం పేషెంట్లను కూర్చోబెట్టిన మనిషి ఆమె. ఆ వార్డుకు వెళ్లి ఫలితం చెప్పాలన్న ఆలోచన అప్పటిదాకా నాకు రాలేదు. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

నర్సులు చేసిన పరిశోధన వార్డును మార్చదని దీని అర్థం కాదు. బెడ్‌సోర్స్ రాబోయే ప్రమాదాన్ని అంచనా వేయడానికి మీరు న్యూరో వార్డులో రోజూ నింపిన బ్రేడెన్ స్కేల్ ఉందే, అది బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు నర్సింగ్ పరిశోధకుల పని. 1987లో ప్రచురించారు. ఆరు అంశాలు, ఒక పేజీ. ప్రపంచంలో ఎక్కడి నర్సుకైనా చేతికి అందే పనిముట్టు. అలాగే లిండా ఐకెన్ అనే నర్సు, తన సహచరులతో కలిసి పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల లెక్కలు తీసి 2002లో ఒక మాట రుజువు చేసింది: ఒక్కో నర్సు మీద ఒక్కో సర్జరీ పేషెంట్ అదనంగా పడేకొద్దీ, 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోందని. రాత్రి డ్యూటీలో వార్డు మొత్తాన్ని ఇద్దరే చూసిన మనకు ఆ సంగతి ఒంటికే తెలుసు. మనకు తెలిసినదాన్ని ప్రభుత్వాలు కాదనలేని అంకెగా మార్చింది ఆమె. నా దృష్టిలో డాక్టరేట్ చదువు అందుకే ఉంది.

ఇప్పుడు మీ ముక్కు గొట్టం దగ్గరికి వస్తాను.

"అవన్నీ నాకు సంబంధం లేని విషయాలైపోయాయి" అని రాశారు. అమ్మా, మీ పీహెచ్‌డీ అదే. ఆరేళ్లు వార్డులో ఉండి, మీ ఊరివాళ్ల మాట, తిండి, ఇల్లు తెలిసిన మీకు తప్ప ఆ ప్రశ్న ఇంకొకరికి అంత సులువుగా దొరకదు.

ఒక్కసారి ఆలోచించండి. రైల్స్ ట్యూబ్ అనే ఆ ముక్కు గొట్టంలో ఫీడ్ ఇచ్చేటప్పుడు, ఇచ్చిన తర్వాత కొంతసేపు, తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలని ప్రతి నర్సుకూ నేర్పుతాం. ఆసుపత్రిలో మంచానికి హ్యాండిల్ ఉంటుంది, తిప్పితే లేస్తుంది. ఆ పెద్దాయన వెళ్లేది మడకశిర దగ్గర పల్లెలోని నులక మంచం మీదికి. నడుం దగ్గర గుంట పడిన నులక మంచం మీద 30 డిగ్రీలు ఎలా వస్తుంది? తలగడలు పేర్చితే మెడ వంగుతుంది తప్ప ఛాతీ లేవదు. తల వైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెడితే మనిషి కిందికి జారతాడు. చాప మీద పడుకోబెట్టేవాళ్ల సంగతి ఏమిటి? ఏ డాక్టరూ ఈ ప్రశ్న వేయడు. ఆయన చూపు మెదడు స్కాన్ మీద ఉంటుంది, ఉండాలి కూడా. మంచం సంగతి చూడాల్సింది నర్సే.

తర్వాత తిండి. మన వైపు గొట్టంలో పోసేది రాగి జావ. వేడిగా ఉన్నప్పుడు పలుచగానే ఉంటుంది, చల్లారితే చిక్కబడుతుంది, గొట్టం పూడుకుంటుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు? గొట్టం కాస్త బయటికి జారితే మళ్లీ ఆసుపత్రికి తెస్తారా, తామే లోపలికి నెట్టేస్తారా? నోటితో తినడం లేదు కదా అని నోరు కడగడం మానేస్తారా? మురికి నోటిలోని సూక్ష్మజీవులు ఊపిరితిత్తుల్లోకి జారితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. కోడలు గార్మెంట్స్ ఫ్యాక్టరీకి వెళ్తే మధ్యాహ్నం ఫీడ్ పోసేది ఎవరు? కళ్లు సరిగ్గా కనబడని ముసలామెనా, బడి నుంచి వచ్చిన మనవరాలా? డిశ్చార్జ్ రోజు మనం పాఠం చెప్పేది బిల్లు కట్టడానికి పరుగెత్తే కొడుక్కి. ఆయన ఊళ్లో దిగబెట్టి మర్నాడే పనికి తిరిగొస్తాడు. నేర్చుకున్న మనిషి ఒకరు, చేసే మనిషి ఇంకొకరు. అందులోనూ డిశ్చార్జ్ కాగితం ఇంగ్లిష్‌లో ఉంటుంది, చెప్పే సిస్టర్‌ది మలయాళమో కన్నడమో కలిసిన తెలుగు. ఆ పిల్ల తప్పేమీ లేదు, ఆమె తనకు వచ్చిన భాషలో మనసుపెట్టే చెబుతుంది.

ఇందులో పీహెచ్‌డీకి కావాల్సినంత పని ఉంది. మొదటి దశలో మీరు ఏమీ నేర్పకండి. కుటుంబాల అనుమతితో ఇళ్లకు వెళ్లి చూడండి, రాసుకోండి, వాళ్లు చెప్పేది వినండి. ఎవరు తినిపిస్తున్నారు, ఏ మంచం, ఏ గిన్నె, ఎంతసేపు. ఆ చూసినదాని నుంచి రెండో దశలో వాళ్ల ఇంటికి సరిపోయే పద్ధతి తయారు చేయండి: గోడకు ఆనించిన పలకో, మడత కుర్చీనో, అసలు తినిపించే మనిషికి చేతులతో చేయించి నేర్పడమో, వారానికోసారి వీడియో కాలో. మూడో దశలో దాన్ని పరీక్షించండి. అప్పుడు మీరు కొలవాల్సింది మార్కులను కాదు. 30 రోజుల్లో ఎంతమందికి న్యుమోనియా వచ్చింది, ఎంతమంది తిరిగి అడ్మిట్ అయ్యారు, ఎన్నిసార్లు గొట్టం మళ్లీ వేయాల్సి వచ్చింది, తినిపించే ఆడమనిషి ఎంత అలసిపోయింది. ఇవి కొలవండి. ఫలితం రాకపోయినా దిగులుపడకండి. "ఈ పద్ధతి పనిచేయలేదు" అని నిజాయితీగా రాసిన థీసిస్‌కు కూడా విలువ ఉంటుంది.

ఎంతమంది కావాలో మీరు ఊహించకండి. టాపిక్ సమర్పించకముందే బయోస్టాటిస్టిషియన్ (వైద్య పరిశోధనల గణాంకాలు చూసే నిపుణులు) దగ్గర కూర్చోండి. డేటా అంతా తీశాక వాళ్ల దగ్గరికి పరుగెత్తడం మనలో చాలామంది చేసే పొరపాటు. ఎథిక్స్ కమిటీ అనుమతి తర్వాత, మొదటి పేషెంట్‌ను చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయించాలి. 2018 ఏప్రిల్ నుంచి ఆలస్యంగా నమోదు చేయడానికి వీల్లేదు.

గైడ్ విషయంలో పేరు ప్రతిష్ఠలు చూసి వెళ్లకండి. వాళ్ల దగ్గర పూర్తి చేసినవాళ్లతో విడిగా మాట్లాడండి. డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకు చదివి ఇస్తారు అన్న ఒక్క ప్రశ్న అడగండి చాలు. యూజీసీ నిబంధనల్లో ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మాత్రమే తీసుకోవాలి. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. కాబట్టి సీటు ఖాళీ ఉందా, ఎప్పుడు రిటైరవుతున్నారు అని అడగడానికి మొహమాటపడకండి. మీ ప్రశ్నకు న్యూరో పేషెంట్లు ఉన్న చోటు కావాలి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో నర్సింగ్ పీహెచ్‌డీ ఉంది, అక్కడికి మన రాయలసీమ నుంచి పేషెంట్లు వస్తూనే ఉంటారు. రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ కూడా చూడండి. ఒక్కో విశ్వవిద్యాలయానికీ సొంత నియమాలుంటాయి, వాటి ప్రాస్పెక్టస్ మీరే స్వయంగా చదవండి.

వయసు గురించి బెంగ వద్దు. కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠంగా ఆరేళ్లు. ఆపైన రీ-రిజిస్ట్రేషన్‌తో రెండేళ్లు, మహిళలకు మరో రెండేళ్లు సడలింపు ఇచ్చే వీలుంది. మొత్తం కాలంలో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు కూడా ఇవ్వొచ్చు. పాప పదో తరగతికి వచ్చేలోపు మీ పని పూర్తవుతుంది. వార్డు ఆరేళ్లు చూసి, ఆ తర్వాత పాఠాలు చెప్పినవాళ్లు ఈ పనికి ఆలస్యంగా వచ్చినట్టు కాదు. ఎమ్మెస్సీ అయిన మర్నాడే పీహెచ్‌డీలో చేరినవాళ్లకు ప్రశ్న దొరకడమే ఎంత కష్టమో నేను చూశాను.

డీఎన్‌పీ గురించి క్లుప్తంగా. అది పేషెంట్‌ను నేరుగా చూసే అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ కోసం పెట్టిన డాక్టరేట్. 2004లో అమెరికా నర్సింగ్ కాలేజీల సంఘం, 2015 నాటికి ఆ స్థాయి ప్రాక్టీస్‌కు అదే ప్రవేశ అర్హత కావాలని కోరింది. అందరికీ తప్పనిసరి కాలేదుగానీ, ఇప్పుడు అక్కడ పీహెచ్‌డీ కన్నా డీఎన్‌పీ చదివేవాళ్లు చాలా ఎక్కువ. మీ స్నేహితురాలు అక్కడే స్థిరపడి పనిచేయాలనుకుంటే ఆమెకు అదే మేలు. మన దగ్గర దానికి సమానమైన కోర్సు లేదు. క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ ఉందిగానీ అది పీజీ స్థాయిది. మన దేశానికీ ఒకనాడు అలాంటి డాక్టరేట్ కావాలనే నేను కోరుకుంటాను. అయితే డిగ్రీ రావడానికి ముందు ఆ మనిషి పనిచేయడానికి ఆసుపత్రిలో పోస్టు, అధికారం, జీతం ఉండాలి. అవి లేకుండా డిగ్రీ ఒక్కటే వస్తే, ఆ చదువుకున్నవాళ్లు కూడా మనలాగే వార్డు వదిలి కాలేజీకి వచ్చేస్తారు.

వేలూరు సీఎంసీలో పాఠం చెప్పే నర్సింగ్ టీచర్లే వార్డు బాధ్యత కూడా మోస్తారు. ఆ పద్ధతి మిగతాచోట్ల ఎందుకు రాలేదా అని నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. మీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడేటప్పుడు అది కూడా అడిగి చూడండి: వారానికి ఒక రోజు, కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రి న్యూరో వార్డులో పనిచేసే అవకాశం. స్టూడెంట్లను తీసుకెళ్లే క్లినికల్ పోస్టింగ్ అది కాదు. మీరు యూనిఫామ్ వేసుకుని, మీ చేత్తో ఫీడ్ ఇచ్చే రోజు. వాళ్లకు ఖర్చు లేదు కాబట్టి ఒప్పుకోవచ్చు.

రిజిస్ట్రేషన్‌కు ఇప్పుడే తొందరపడకండి. దసరా సెలవులకు ఊరికి వెళ్తారు కదా. మీ ఊళ్లోనో చుట్టుపక్కలో గొట్టంతో ఇంటికొచ్చిన మనిషి ఉంటే, ఇంట్లోవాళ్లను అడిగి ఒక గంట కూర్చుని రండి. ఫీడ్ పోసే వేళకు వెళ్లండి. ప్రమాదకరంగా ఏదైనా కనబడితే వెంటనే సరిచేయండి, మిగతా సమయమంతా ఊరికే చూడండి. ఆ రాత్రే రెండు పేజీలు రాయండి, తెలుగులోనే రాయండి, ఇంగ్లిష్‌లోకి తర్వాత మార్చుకోవచ్చు. ఆ రెండు పేజీలు నాకు పంపితే చదివి జవాబు రాస్తాను.